లేఅవుట్‌లు, పార్షియల్ వ్యూలు: ఒక్కచోట రాసి పేజీలన్నిటికీ వాడుకునే పద్ధతి

చీమకుర్తిలో గ్రానైట్ షోరూమ్ కావచ్చు, నెల్లూరులో రొయ్యల మేత డీలరు కావచ్చు, సైటు అంటే పది పదిహేను పేజీలు. ప్రతి పేజీకీ పైన లోగో, మెనూ. కింద ఫోన్ నంబరు, జీఎస్‌టీ నంబరు, వాట్సాప్ బటన్. మొదటి పేజీ బాగా చేసి, దాన్నే కాపీ కొట్టి మిగతావి లాగించేస్తే ఆ పూటకు పని అయిపోయినట్టే ఉంటుంది. ఓనరు ఫోన్ నంబరు మార్చాడంటే మాత్రం పదిహేను ఫైళ్లూ తెరవాలి, అందులో ఒకటైనా పాత నంబరుతోనే మిగిలిపోతుంది.

ఈ తిప్పలు లేకుండా మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లోని రేజర్ టెంప్లేట్లతో (హెచ్‌టీఎంఎల్ మధ్య సీ షార్ప్ కోడ్ కలిపి రాసే ఫైళ్లు) సైటును ఎలా విడగొట్టాలో వరుసగా చూద్దాం. డాట్‌నెట్ 8లో ఎంవీసీ ప్రాజెక్టు అనుకోండి: పేజీకి కావాల్సిన డేటా మోడల్, పేజీ రూపం రాసే ఫైలు వ్యూ, బ్రౌజర్ అడిగింది అందుకుని ఆ రెండింటినీ కలిపేది కంట్రోలర్, కంట్రోలర్‌లోని ఒక్కో మెథడ్ యాక్షన్. ఉదాహరణకు గ్రానైట్ స్లాబుల సైటు తీసుకుందాం: హోమ్, స్లాబుల జాబితా, ఒక్కో స్లాబు వివరాలు, ధర అడిగే ఫారం, చిరునామా, సిబ్బంది లాగిన్ అయ్యే భాగం. కోడ్‌లోని పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇచ్చాం. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతోనే టైపు చేయాలి.

ముందు తెలియాల్సింది: ఏది ఎప్పుడు నడుస్తుంది

లేఅవుట్ అంటే పేజీలన్నిటికీ ఉమ్మడిగా ఉండే చట్రం, పార్షియల్ అంటే వ్యూలో పిలిచి వాడుకునే చిన్న ముక్క. బ్రౌజర్‌కు వెళ్లే పేజీలో లేఅవుట్ పైన మొదలవుతుంది కదా అని, సర్వర్‌లో కూడా అదే ముందు నడుస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దీనికి తలకిందులు. మొదట _వ్యూస్టార్ట్ అనే చిన్న ఫైలు నడిచి ఏ లేఅవుట్ వాడాలో చెబుతుంది. తర్వాత అసలు వ్యూ మొత్తం నడుస్తుంది. అందులో పిలిచిన పార్షియల్స్ ఎక్కడ పిలిస్తే అక్కడే, అప్పుడే నడుస్తాయి. తయారైన హెచ్‌టీఎంఎల్‌ను పక్కన పెట్టుకుని, చివర లేఅవుట్ నడిచి, తన మధ్యలో ఆ హెచ్‌టీఎంఎల్‌ను కూర్చుతుంది.

లేఅవుట్ విషయంలో వచ్చే తికమకల్లో సగానికి పైగా ఈ వరుస తెలిస్తే విడిపోతాయి. వ్యూలో పెట్టిన పేజీ టైటిల్ లేఅవుట్‌లోని హెడ్ భాగానికి అందడానికి కారణం, వ్యూ ముందు నడవడమే. లేఅవుట్‌లో వ్యూడేటాకు (పేరు పెట్టి విలువలు దాచుకునే సంచి లాంటిది) ఏదైనా విలువ ఇచ్చి వ్యూలో చదవబోతే ఖాళీ వస్తుంది, ఎందుకంటే అప్పటికి వ్యూ పని ముగిసిపోయింది. ఇక పార్షియల్‌కు వెళ్లేది వ్యూడేటా కాపీ. పార్షియల్ లోపల టైటిల్ మార్చినా ఆ మార్పు పిలిచిన వ్యూకు తిరిగి రాదు, లేఅవుట్‌కూ చేరదు. టైటిల్ ఎప్పుడూ వ్యూలోనే పెట్టండి.

1. పేజీలను ముక్కలుగా గుర్తించడం

కోడ్ ముట్టుకునే ముందు రెండు మూడు పేజీలను పక్కపక్కన తెరిచి చూడండి. అన్ని పేజీల్లోనూ అక్షరం మారకుండా ఉన్నది లేఅవుట్‌కు వెళ్తుంది. ఆకారం ఒకటే అయినా లోపలి సమాచారం మారుతుంటే పార్షియల్ చేయాలి. స్లాబు కార్డు అలాంటిదే: ఫోటో, రకం (బ్లాక్ గెలాక్సీ, స్టీల్ గ్రే), మందం (18 లేదా 20 మిల్లీమీటర్లు), ఫినిష్ (పాలిష్, లెదర్, ఫ్లేమ్డ్), ఎన్ని చదరపు అడుగులు ఉన్నాయి. హోమ్ పేజీలోనూ, జాబితాలోనూ, వివరాల పేజీ అడుగున ‘ఇలాంటివే మరికొన్ని’ దగ్గరా అదే కార్డు.

ఎక్కడ కనిపించినా తన డేటా తానే తెచ్చుకోవాల్సిన ముక్క మూడో రకం. దాని పేరు వ్యూ కాంపొనెంట్, దాని సంగతి 6వ అంచెలో వస్తుంది.

ఒకే చోట వాడే ముక్కను పార్షియల్ చేయనవసరం లేదు. వంద లైన్లు దాటి కంటికి ఇబ్బందిగా ఉంటే తప్ప విడగొట్టకండి. ఫైళ్లు పెరిగితే వెతుకులాట పెరుగుతుంది.

2. లేఅవుట్ రాయడం

వ్యూస్ ఫోల్డర్‌లోని షేర్డ్‌లో _లేఅవుట్ అనే సీఎస్‌హెచ్‌టీఎంఎల్ ఫైలు ఉంటుంది. కొత్త ఎంవీసీ ప్రాజెక్టు తెరిస్తే అది తయారుగానే వస్తుంది. పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టడం, ఈ ఫైలును నేరుగా పేజీగా చూపించకూడదని గుర్తు చేసే ఆనవాయితీ.

ఇందులో పై నుంచి కిందికి ఉండాల్సినవి ఇవి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష ‘టీఈ’ అని ఇవ్వండి. స్క్రీన్ రీడర్, బ్రౌజర్ అనువాదం దాన్నే చూస్తాయి. హెడ్‌లో మొట్టమొదట యూటీఎఫ్-8 క్యారెక్టర్ సెట్ చెప్పే మెటా ట్యాగు రావాలి. అది ఫైలు మొదటి 1024 బైట్లలోపు ఉండాలన్నది హెచ్‌టీఎంఎల్ నియమం. దానికి ముందు పొడవాటి కామెంట్లు, ట్రాకింగ్ స్క్రిప్టులు పెడితే తెలుగు అక్షరాలు చెడిపోయే అవకాశం ఉంది. తర్వాత టైటిల్: వ్యూడేటాలోని టైటిల్, పక్కన షోరూమ్ పేరు. ఆపైన సీఎస్‌ఎస్, తెలుగు ఫాంటు. బాడీలో హెడర్, మెనూ, మెయిన్ ట్యాగు, ఆ మెయిన్ లోపల @రెండర్‌బాడీ() (వ్యూ తయారుచేసిన హెచ్‌టీఎంఎల్ పడే చోటు), కింద ఫుటర్, చివర స్క్రిప్టులు.

సీఎస్‌ఎస్, బొమ్మలు, స్క్రిప్టుల దారులన్నీ ~/ తో మొదలుపెట్టండి. ఉత్త ‘సీఎస్‌ఎస్/సైట్’ అని రాస్తే హోమ్‌లో పనిచేస్తుంది. ‘స్లాబ్స్/డీటెయిల్స్/12’ దగ్గరికి వెళ్లేసరికి బ్రౌజర్ ఆ ఫైలును స్లాబ్స్/డీటెయిల్స్ లోపల వెతికి 404 తెచ్చుకుంటుంది. హోమ్ పేజీ బాగుండి లోపలి పేజీలు మాత్రం సీఎస్‌ఎస్ లేకుండా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫైలు పేర్లలో చిన్న, పెద్ద అక్షరాలు కూడా సరిపోవాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కనిపించిన లోగో లైనక్స్ సర్వర్‌లో మాయమైతే పేరులో పెద్దక్షరం ఒకటి తేడా ఉందని అర్థం.

సీఎస్‌ఎస్ లింకుకు ఏఎస్‌పీ-అపెండ్-వెర్షన్ అనే గుణాన్ని ‘ట్రూ’ చేయండి. ఫైలు మారిన ప్రతిసారీ లింకు చివర కొత్త హాష్ (ఫైలులోని విషయాన్ని బట్టి వచ్చే కోడ్) చేరుతుంది, కాబట్టి కస్టమర్ ఫోన్‌లో పాత సీఎస్‌ఎస్ అతుక్కుని ఉండదు. ఇది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ ఫోల్డర్‌లోని ఫైళ్లకే వర్తిస్తుంది, బయటి సైటు నుంచి తెచ్చుకునే వాటికి కాదు.

తెలుగు పేజీకి లైన్‌హైట్ 1.6కు తగ్గకుండా లేఅవుట్ సీఎస్‌ఎస్‌లోనే పెట్టేయండి. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 పెడితే ఒత్తులు కింది లైను మీదికి దిగుతాయి, ఓవర్‌ఫ్లో దాచిన బటన్లలో తెగిపోతాయి కూడా.

ఒక జాగ్రత్త: హెడర్ పార్షియల్‌లో డివ్ తెరిచి ఫుటర్ పార్షియల్‌లో మూసే అలవాటు పీహెచ్‌పీ రోజుల నుంచి చాలామందికి ఉంది. ఇక్కడ అలా చేయకండి. ఏ ఫైలులో తెరిచిన ట్యాగును ఆ ఫైలులోనే మూయాలి. లేఅవుట్ ఉన్నదే అందుకు.

3. _వ్యూస్టార్ట్, _వ్యూఇంపోర్ట్స్

వ్యూస్ ఫోల్డర్‌లో ఉండే _వ్యూస్టార్ట్‌లో ఒక్క లైను చాలు: లేఅవుట్ = "_లేఅవుట్". దీంతో ప్రతి వ్యూలో విడిగా లేఅవుట్ పేరు రాయనక్కర్లేదు. లోపలి ఫోల్డర్‌లో ఇంకో _వ్యూస్టార్ట్ పెడితే ముందు పైది, తర్వాత లోపలిది నడుస్తాయి, కాబట్టి లోపలిదే చెల్లుతుంది. ప్రింటుకు పంపే కొటేషన్ లాంటి పేజీకి ఏ లేఅవుటూ వద్దనుకుంటే ఆ వ్యూలోనే లేఅవుట్‌కు ‘నల్’ ఇవ్వండి. _వ్యూస్టార్ట్ పార్షియల్స్‌కు గానీ, లేఅవుట్లకు గానీ నడవదు.

_వ్యూఇంపోర్ట్స్‌లో నేమ్‌స్పేస్‌లు, ట్యాగ్ హెల్పర్లు (హెచ్‌టీఎంఎల్ ట్యాగులా రాస్తే సర్వర్‌లో నడిచేవి) ఉంటాయి. ఇది తానున్న ఫోల్డరుకూ, దాని కిందివాటికీ మాత్రమే వర్తిస్తుంది. సిబ్బంది భాగాన్ని ఏరియాగా (సొంత కంట్రోలర్లు, వ్యూలు ఉన్న భాగం) విడిగా పెట్టినప్పుడు దెబ్బ తగిలేది ఇక్కడే. ఏరియాస్ ఫోల్డర్ వ్యూస్ కింద ఉండదు కాబట్టి, అక్కడి వ్యూస్ ఫోల్డర్‌లో ఈ రెండు ఫైళ్లకూ మళ్లీ కాపీలు ఉండాలి. లేకపోతే పేజీకి లేఅవుట్ రాదు, పార్షియల్ ట్యాగు పనిచేయదు. ఎర్రర్ కూడా చూపించదు. బ్రౌజర్‌లో వ్యూ సోర్స్ తెరిస్తే ‘పార్షియల్’ అన్న ట్యాగు రాసింది రాసినట్టే కనిపిస్తుంది. అది కనిపించిందంటే వ్యూఇంపోర్ట్స్ లేదన్నట్టే.

4. సెక్షన్లు

కొన్ని పేజీలకే కావాల్సిన స్క్రిప్టు లేఅవుట్‌లో ఫలానా చోట పడాలంటే సెక్షన్ వాడాలి. లేఅవుట్ అడుగున, మిగతా స్క్రిప్టుల తర్వాత ఇలా రాయండి:

@అవెయిట్ రెండర్‌సెక్షన్‌అసింక్("స్క్రిప్ట్స్", రిక్వైర్డ్: ఫాల్స్)

వ్యూలో @సెక్షన్ స్క్రిప్ట్స్ అని తెరిచి, మీసాల బ్రాకెట్ల మధ్య ఆ పేజీ స్క్రిప్టు పెట్టండి.

రిక్వైర్డ్ అనేది చెప్పకపోతే ‘ట్రూ’ అనే లెక్క. అప్పుడు ఆ సెక్షన్ రాయని ప్రతి పేజీ ఎర్రర్‌తో ఆగిపోతుంది. దీనికి ఎదురుది కూడా ఉంది: వ్యూలో సెక్షన్ రాశారు, లేఅవుట్‌లో దాన్ని చూపించలేదు. అప్పుడు కూడా ‘సెక్షన్ డిఫైన్ అయింది కానీ రెండర్ కాలేదు’ అంటూ ఎర్రర్ వస్తుంది. లేఅవుట్ మార్చినప్పుడు ఇది ఎక్కువగా తగులుతుంది. కావాలనే వదిలేయాలనుకుంటే ఆ లేఅవుట్‌లో ఇగ్నోర్‌సెక్షన్ అని చెప్పాలి. ఒకే సెక్షన్‌ను రెండుసార్లు రెండర్ చేయడం కూడా కుదరదు.

ఎర్రర్ చూపించకుండా ఏడిపించేది మరొకటుంది: పార్షియల్ లోపల రాసిన సెక్షన్. అది లేఅవుట్‌కు చేరదు. పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, స్క్రిప్టు మాత్రం ఉండదు. పార్షియల్‌కు స్క్రిప్టు అవసరమైతే దాన్ని వేరే చిన్న పార్షియల్‌గా రాసి, వ్యూలోని స్క్రిప్ట్స్ సెక్షన్ లోపల పిలవండి. ప్రాజెక్టుతో పాటు వచ్చే _వాలిడేషన్‌స్క్రిప్ట్స్‌పార్షియల్ పనిచేసేది ఈ పద్ధతిలోనే.

5. స్లాబు కార్డు పార్షియల్

ముందు డేటాకు క్లాసు రాయండి: స్లాబ్‌కార్డ్. అందులో కార్డు మీద కనిపించేవే ఉండాలి. డేటాబేస్ టేబుల్‌కు ఉన్న పూర్తి క్లాసును పంపితే, కొన్న ధర లాంటివి ఎప్పుడో ఒకప్పుడు పేజీ మీదికి జారిపోతాయి.

తర్వాత షేర్డ్ ఫోల్డర్‌లో _స్లాబ్‌కార్డ్ ఫైలు. మొదటి లైనులో @మోడల్ స్లాబ్‌కార్డ్. కింద కార్డు హెచ్‌టీఎంఎల్. జాబితా వ్యూలో ఫర్‌ఈచ్ లోపల పార్షియల్ ట్యాగు పెట్టి, నేమ్‌లో "_స్లాబ్‌కార్డ్", మోడల్‌లో ఆ స్లాబు ఇవ్వండి. ఈ ట్యాగు డాట్‌నెట్ కోర్ 2.1 నుంచి ఉంది. పాత పద్ధతిలో @హెచ్‌టీఎంఎల్.పార్షియల్ అని పిలిస్తే కంపైలర్ హెచ్చరిక ఇస్తుంది. అది సింక్రనస్ కాబట్టి డెడ్‌లాక్‌కు (పనులు ఒకదాని కోసం ఒకటి ఆగి కదలకపోవడం) దారితీయవచ్చు. దాన్ని ట్యాగుకు మార్చేయండి.

పేరు ఎలా ఇచ్చామన్నదాన్ని బట్టి వెతికే చోటు మారుతుంది. ఎక్స్‌టెన్షన్ లేకుండా "_స్లాబ్‌కార్డ్" అంటే ముందు ఆ కంట్రోలర్ ఫోల్డర్‌లో, తర్వాత షేర్డ్‌లో వెతుకుతుంది. సీఎస్‌హెచ్‌టీఎంఎల్ ఎక్స్‌టెన్షన్‌తో కలిపి రాస్తే పిలిచిన ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే చూస్తుంది, షేర్డ్ జోలికి పోదు. ఫైలు కళ్లెదుట ఉన్నా దొరకలేదనే ఎర్రర్ వస్తుంటే చివర ఎక్స్‌టెన్షన్ రాశారేమో చూడండి.

మోడల్ ఇవ్వడం మర్చిపోతే ఖాళీ వెళ్లదు. పిలిచిన వ్యూ తాలూకు మోడలే వెళ్తుంది. జాబితా పేజీ మోడల్ స్లాబుల లిస్టు, కార్డు అడిగేది ఒక్క స్లాబు. అప్పుడు ‘పంపిన మోడల్ ఫలానా రకం, కావాల్సింది ఇంకో రకం’ అనే పొడవాటి ఎర్రర్ వస్తుంది. పార్షియల్స్‌తో ఎక్కువగా తగిలే ఎర్రర్ ఇదే, మందు మోడల్ గుణం రాయడమే.

కార్డు లోపల ఐడీ గుణాన్ని నేరుగా ‘ఎంక్వైరీ’ అని రాసేయకండి. 40 కార్డులుంటే 40 ఐడీలూ ఒకటే అవుతాయి. ఏ కార్డు బటన్ నొక్కినా మొదటి స్లాబు పాప్‌అప్పే తెరుచుకుంటుంది. ఐడీ చివర స్లాబు నంబరు కలపండి, లేదా డేటా గుణాలు వాడండి.

కార్డుల లూప్ వల్ల పేజీ నెమ్మదించిందంటే తప్పు సాధారణంగా పార్షియల్‌ది కాదు. కార్డు లోపల ఫోటో కోసమో, క్వారీ పేరు కోసమో ఒక్కో స్లాబుకూ విడిగా డేటాబేస్‌ను అడుగుతూ ఉంటుంది. కంట్రోలర్‌లోనే ఒక్క క్వెరీతో అన్నీ తెచ్చి స్లాబ్‌కార్డ్‌లో నింపి పంపండి.

ఫారాల్లో ‘మోడల్’ కాదు, ‘ఫర్’

ధర అడిగే ఫారంలో డెలివరీ చిరునామా, బిల్లింగ్ చిరునామా రెండూ ఉన్నాయనుకోండి. చిరునామా పార్షియల్ ఒకటే, రెండుసార్లు పిలుస్తాం. మోడల్ గుణంతో పిలిస్తే రెండింటిలోనూ ఇన్‌పుట్ పేరు ‘స్ట్రీట్’ అనే వస్తుంది. సర్వర్‌కు వెళ్లాక ఏది ఏ చిరునామాదో బైండర్‌కు (ఫారంలో వచ్చిన విలువలను మోడల్‌లో నింపే భాగం) తెలియదు, రెండు చిరునామాలూ ఖాళీగానే దిగుతాయి. ఫర్ గుణంతో పిలిస్తే ‘డెలివరీ.స్ట్రీట్’, ‘బిల్లింగ్.స్ట్రీట్’ అని పేర్లు వస్తాయి, బైండింగ్ సరిగ్గా కుదురుతుంది. చూపించడానికైతే మోడల్, తిరిగి సేవ్ చేయడానికైతే ఫర్. రెండూ ఒకే ట్యాగులో ఇస్తే ఎర్రర్.

6. తన డేటా తానే తెచ్చుకునే ముక్క

నెల్లూరు వైపు ఆక్వా డీలరు సైటుకు ప్రతి పేజీ పక్కనా ఈ రోజు రొయ్యల ధరల పట్టిక కావాలంటారు: 30 కౌంటు (కిలోకు 30 రొయ్యలు), 40, 50, అలా 100 వరకు. దీన్ని పార్షియల్ చేస్తే ప్రతి కంట్రోలర్ యాక్షన్‌లోనూ ధరలు తెచ్చి మోడల్‌లో పెట్టాలి. కొత్త పేజీ చేసేవాళ్లకు ఆ సంగతి తెలియకపోతే పట్టిక ఖాళీ.

దీనికి వ్యూ కాంపొనెంట్ సరైనది. ధరలు‌ తెచ్చే క్లాసు పేరు ‘ప్రైసెస్‌వ్యూకాంపొనెంట్’ అనుకోండి. అందులో ఇన్‌వోక్‌అసింక్ మెథడ్ రాసి, డేటా తెచ్చి వ్యూకు ఇవ్వండి. వ్యూ ఫైలు షేర్డ్ / కాంపొనెంట్స్ / ప్రైసెస్ ఫోల్డర్‌లో ‘డిఫాల్ట్’ అనే పేరుతో ఉండాలి. పేరు మారితే దొరకదు. లేఅవుట్‌లో వీసీ:ప్రైసెస్ ట్యాగుతో పిలవాలంటే _వ్యూఇంపోర్ట్స్‌లో మీ ప్రాజెక్టు పేరుతో కూడా యాడ్‌ట్యాగ్‌హెల్పర్ లైను చేర్చాలి. ఇది మర్చిపోతే ట్యాగు ఉన్నదున్నట్టే సోర్స్‌లో కనిపిస్తుంది.

రోజుకు ఒకటి రెండుసార్లు మారే ధరల కోసం ప్రతి పేజీకీ డేటాబేస్‌ను తట్టడం దండగ. ట్యాగును క్యాష్ ట్యాగ్ హెల్పర్ (తయారైన హెచ్‌టీఎంఎల్‌ను దాచుకుని గడువు వరకు అదే ఇచ్చేది) మధ్య పెట్టి పది నిమిషాల గడువు ఇవ్వండి. లాగిన్ అయినవాళ్ల పేరు లాంటి మనిషికో రకంగా మారే సమాచారాన్ని మాత్రం అందులో పెట్టకండి. ఒకరి పేరు ఇంకొకరికి కనిపిస్తుంది.

7. లేఅవుట్ లోపల లేఅవుట్

స్లాబుల పేజీలన్నిటికీ ఎడమ పక్క ఫిల్టర్లు కావాలి, మిగతా పేజీలకు వద్దు. అప్పుడు _స్లాబ్స్‌లేఅవుట్ అని ఇంకొకటి రాసి, దాని పైన లేఅవుట్ = "_లేఅవుట్" అని పెట్టండి. ఫిల్టర్ల పక్కన @రెండర్‌బాడీ() వస్తుంది. స్లాబ్స్ ఫోల్డర్ _వ్యూస్టార్ట్‌లో ఈ లోపలి లేఅవుట్ పేరు ఇవ్వండి.

సెక్షన్ వెళ్లేది తనకు ఆనుకుని ఉన్న లేఅవుట్‌కే, దాన్ని దాటి పైకి పోదు. కాబట్టి లోపలి లేఅవుట్‌లో స్క్రిప్ట్స్ అనే సెక్షన్ మళ్లీ తెరిచి, దాని లోపల రెండర్‌సెక్షన్ రాయాలి. అలా అందించకపోతే వ్యూలో స్క్రిప్టు ఉన్న ప్రతి పేజీ ‘రెండర్ కాలేదు’ అంటూ ఆగుతుంది. రెండు అంచెలకు మించి పోవద్దు. మూడో అంచె కావాలనిపిస్తే ఆ ముక్క పార్షియల్‌గా సరిపోతుందేమో చూడండి.

8. పేజీ మారకుండా జాబితా మాత్రమే మార్చడం

లెదర్ ఫినిష్ ఎంచుకుంటే కింది జాబితా మాత్రమే మారాలి. జాబితా భాగాన్ని _స్లాబ్‌లిస్ట్ పార్షియల్‌గా తీయండి. మొదటిసారి వ్యూ దాన్ని పిలుస్తుంది, ఫిల్టర్ నొక్కినప్పుడు జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో తెచ్చి ఆ డివ్‌లో పెడుతుంది. యాక్షన్ చివర తిరిగి ఇవ్వాల్సింది వ్యూ() కాదు, పార్షియల్‌వ్యూ(). వ్యూ() ఇస్తే _వ్యూస్టార్ట్ నడిచి లేఅవుట్‌తో సహా వస్తుంది. జాబితా ఉండాల్సిన చోట ఇంకో లోగో, ఇంకో మెనూ ప్రత్యక్షమవుతాయి.

9. తెలుగు అక్షరాల ఎన్‌కోడింగ్

సీఎస్‌హెచ్‌టీఎంఎల్‌లో నేరుగా రాసిన తెలుగు ఉన్నదున్నట్టు వెళ్తుంది. @ తో చూపించే విలువల్లోని తెలుగును మాత్రం డాట్‌నెట్ కోర్ ఎంటిటీ కోడ్‌లుగా (‘చ’ బదులు చ లాంటివి) మార్చి పంపుతుంది, ఎందుకంటే దాని ఎన్‌కోడర్ మామూలుగా బేసిక్ లాటిన్ అక్షరాలనే వదిలిపెడుతుంది. పేజీ మీద తేడా తెలియదు, బరువు మాత్రం పెరుగుతుంది. ‘చీమకుర్తి’ అన్న మాట యూటీఎఫ్-8లో 27 బైట్లు. కోడ్‌లుగా మారితే 63.

తేడా బయటపడేది స్క్రిప్టులో. స్క్రిప్ట్ ట్యాగు లోపల కొటేషన్ల మధ్య @ తో పేరు పెడితే, అలర్ట్‌లో ఆ కోడ్‌లే కనిపిస్తాయి. రెండు పనులు చేయండి. ప్రోగ్రామ్ ఫైలులో వెబ్‌ఎన్‌కోడర్‌ఆప్షన్స్‌ను కాన్ఫిగర్ చేసి, యూనికోడ్‌రేంజెస్ నుంచి బేసిక్‌లాటిన్, తెలుగు రెండింటినీ అనుమతించండి. స్క్రిప్టులోకి విలువ పంపాల్సి వస్తే @జేసన్.సీరియలైజ్ వాడండి, లేదా హెచ్‌టీఎంఎల్ డేటా గుణంలో పెట్టి స్క్రిప్టుతో చదవండి. కోడ్‌లు పోవాలని హెచ్‌టీఎంఎల్.రా వాడే సలహా వింటుంటాం. ఫారంలో ఎవరో పంపిన పేరును అలా చూపిస్తే, దానిలో దాచిన స్క్రిప్టు కూడా నడుస్తుంది. వద్దు.

10. పాత సైటును మార్చే వరుస

ఉన్న పదిహేను పేజీలనూ ఒకేసారి విప్పకండి. బాగా సాదాగా ఉన్న చిరునామా పేజీ నుంచి లేఅవుట్ తీయండి. మిగతా పేజీలను ఒక్కొక్కటిగా దాని కిందికి తెచ్చి, తెచ్చిన ప్రతిసారీ వ్యూ సోర్స్ తెరవండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగు ఒక్కటే ఉండాలి, మెయిన్ ఒక్కటే ఉండాలి, జేక్వెరీ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఒక్కసారే లోడ్ కావాలి. పార్షియల్ ఏదైనా జేక్వెరీని రెండోసారి తెస్తే అంతకుముందు చేరిన ప్లగిన్లు పనిచేయవు. లేఅవుట్లు స్థిరపడ్డాక పార్షియల్స్ మొదలుపెట్టండి.

పని మధ్యలో ఫైలు మార్చినా పేజీ మారట్లేదంటే అది బ్రౌజర్ తప్పు కాకపోవచ్చు. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి వ్యూలు బిల్డ్ సమయంలోనే కంపైల్ అవుతాయి. డాట్‌నెట్ వాచ్ కమాండుతో నడుపుకుంటే సేవ్ చేయగానే మార్పు కనిపిస్తుంది.

ఎర్రర్ పేజీకి మాత్రం మెయిన్ లేఅవుట్ ఇవ్వకండి. లేఅవుట్‌లో 6వ అంచెలోని ధరల పట్టిక లాంటి కాంపొనెంట్ ఉంటే అది డేటాబేస్‌ను అడుగుతుంది. డేటాబేస్ పడిపోయిన రోజున ఎర్రర్ పేజీ కూడా అదే లేఅవుట్‌తో లేవబోయి పడిపోతుంది, వచ్చినవాళ్లకు తెల్లటి ఖాళీ పేజీ మిగులుతుంది. దానికి లేఅవుట్ ‘నల్’ పెట్టి, లోగో, ఫోన్ నంబరు, ‘కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి’ అన్న వాక్యం నేరుగా ఆ ఫైలులోనే రాయండి. ఫోన్ నంబరు మారినప్పుడు లేఅవుట్‌తో పాటు తెరవాల్సిన రెండో ఫైలు ఇదొక్కటే. అది మర్చిపోకుండా లేఅవుట్ ఫుటర్‌లో నంబరు పక్కనే రేజర్ కామెంట్‌గా రాసిపెట్టండి. రేజర్ కామెంట్ బ్రౌజర్‌కు వెళ్లదు.